ఐదు చుక్కల ఫిర్యాదు

‘ఈ వ్యాసం మీకు ఉపయోగపడిందా?’ అని ఫోను అడుగుతోంది. కింద రెండు గడులున్నాయి, అవును, కాదు. సాల్మన్ రాజు ‘కాదు’ అన్న గడిని బొటనవేలితో అదిమాడు. గడి రంగు మారలేదు. ‘మీ అభిప్రాయం ఇప్పటికే అందింది, ధన్యవాదాలు’ అన్న వాక్యం పైకొచ్చి, చేతులు కట్టుకున్న నౌకరులా కాసేపు నిలబడి, మాయమైంది. వేలు తడిగా ఉందేమోనని లుంగీకి తుడుచుకుని మళ్లీ అదిమాడు. మళ్లీ అదే వాక్యం, అదే వినయం.

అందిన అభిప్రాయం ఏదో ఆయనకు తెలుసు. నిన్న సాయంత్రం వ్యాసం చదవడం ముగియగానే, ఇంకా నిమ్మకాయ కోయకముందే, ‘అవును’ నొక్కేశాడు. అలవాటు కొద్దీ జరిగిన పని.

ఆ అలవాటు రాహేలు పోయిన తర్వాత మొదలైంది. భార్య ఉన్నన్నాళ్లూ ఆయన జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పడం, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోవడం తప్ప ఇంకో పని నేర్చుకోలేదు. ఆమె పోయాక అన్నం ముద్దయింది, పాలు గిన్నెకు అంటుకున్నాయి, చొక్కా కాలరు మీద మరక పోనంది. ఎవరినైనా అడగాలంటే మొహమాటం. అప్పుడు దొరికింది ఈ ‘మన చేత్తో’ అనే వెబ్‌సైటు. ఏ పనైనా ఎలా చేయాలో తెలుగులో, మెట్టు మెట్టుగా చెబుతుంది. మాడిన గిన్నెలో ఉప్పు వేసి నానబెట్టమంది, నానబెట్టాడు, మాడు పోయింది. బియ్యం కడిగి కాసేపు ఆగమంది, ఆగాడు, మెతుకు మెతుకు విడిగా ఉడికింది. అలాంటప్పుడు వ్యాసం చివర ‘ఉపయోగపడిందా’ అని అడిగితే, వంట చేసి పెట్టిన మనిషికి బాగుందని చెప్పినట్టు, ‘అవును’ నొక్కేవాడు. నొక్కకపోతే అన్నం తిని లేచిపోయినట్టు ఉండేది.

ఈ వ్యాసం పేరు ‘పాలరాయిని అద్దంలా మెరిపించడం ఎలా?’. అవసరమైన వేళకే కళ్లబడింది. ఈస్టరు నాడు మెదక్‌లో క్రైస్తవులు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళతారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు, పూలు పెడతారు, సూర్యుడు వచ్చేదాకా పాటలు పాడతారు. అందుకని ఆ ముందు వారమంతా గడ్డి పీకడం, సున్నం వేయడం, రాళ్లు కడగడం. అక్కడ ఎక్కువ సమాధులు సిమెంటువి, కొన్ని నల్లరాతివి. తెల్ల పాలరాయి పరిచినవి చాలా తక్కువ. వాటిలో రాహేలుది ఒకటి. గులాబీ రంగు కలిసిన తెలుపు కావాలని, ఆమెకు అలాంటి చీర ఒకటి ఇష్టమని, ఆయనే ఎంచి వేయించాడు.

నిమ్మరసంలో ఉప్పు కలిపి ముద్దలా పూయండి, ఆరనిచ్చి కొబ్బరి పీచుతో రుద్దండి అని వ్యాసం చెప్పింది. ఈ పొద్దున సాల్మన్ రాజు పూశాడు, ఆరనిచ్చాడు, రుద్దాడు. నీళ్లు పోసేసరికి మెరుపు ఉన్నచోట బియ్యప్పిండి అలికినట్టు తెల్లటి మబ్బు కనిపించింది. తుడిస్తే పోతుందనుకున్నాడు. కండువా చివరతో తుడిచాడు, తర్వాత చొక్కా అంచుతో తుడిచాడు. ముద్ద మందంగా పడ్డచోట రాయి గరుకుగా చేతికి తగిలింది. రాహేలు పేరులో చివరి అక్షరం మీద కూడా ఆ మబ్బు పాకింది. ఇంటికొచ్చి ఇంగ్లీషులో ఉన్న ఇతర సైట్లు తెరిచి చూస్తే, అన్నీ మొదటి వాక్యంలోనే చెబుతున్నాయి. పాలరాయికి పులుపు తగలకూడదు, పులుపు మెరుగును తినేస్తుంది, మళ్లీ మిషను పెట్టి సానపట్టాల్సిందే.

పాడైన రాయి గురించి ఆయన బాధపడ్డాడు. కానీ బాధకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. నిన్న ‘అవును’ నొక్కి ఊరుకోలేదు. ఆ వ్యాసాన్ని చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘సమాధులు శుభ్రం చేసుకునేవారికి పనికివస్తుంది’ అని రాశాడు. గ్రూపు నడిపే ఫిలిప్ వెంటనే బొటనవేలు బొమ్మ పెట్టాడు. సిమెంటు వాళ్లకు, నల్లరాతి వాళ్లకు పోయేదేమీ లేదు. ఆయన భయమంతా ప్రిస్కిల్లా గురించి.

ప్రిస్కిల్లా ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. తర్వాత నర్సు కోర్సు చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో పనిచేస్తోంది. ఆమె భర్త నవీన్ పోయిన ఏడాది తూప్రాన్ రోడ్డు మీద బండి ప్రమాదంలో చనిపోయాడు. మొన్న ఫిబ్రవరిలో అతని సమాధికి తెల్లరాయి పరిపించింది. పైన అతని ఫోటో, పేరు, ఒక బైబిలు వాక్యం. ఆ రాయికి ఇదే మొదటి ఈస్టరు. సార్ పంపిన సంగతి ఏదైనా ఆమెకు పాఠమే.

కాబట్టి ముందు ఆ వ్యాసాన్నే దిద్దించాలి. సాల్మన్ రాజు సైటు అడుగున వెతికి వెతికి ‘మాకు రాయండి’ అన్న చోటు పట్టుకున్నాడు. అక్కడ కారణం ఎంచుకోమంది. ‘అర్థం కాలేదు’, ‘బొమ్మలు చాలలేదు’, ‘పొడుగెక్కువ’, ‘ఇతరం’. తప్పు అని చెప్పడానికి గడి లేదు. ఎవరైనా తప్పు రాస్తారన్న ఊహే వాళ్లకు వచ్చినట్టు లేదు. ‘ఇతరం’ నొక్కాడు. ముందు చుక్కలు ఇవ్వమంది, ఐదు నక్షత్రాల్లో ఎన్ని. ఇవ్వకపోతే రాయనివ్వదట. ఆయన ఆలోచించాడు. ఒక్క వ్యాసం తప్పయింది నిజమే, మూడేళ్ల అన్నం మాత్రం నిజం కాదా? న్యాయంగా ఐదూ ఇచ్చాడు.

తర్వాత రాయడం మొదలుపెట్టాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లలకు వ్యాపార ఉత్తరాలు నేర్పినవాడు. ఫిర్యాదు లేఖ ఎలా రాయాలో బోర్డు మీద గీసి చూపేవాడు. మొదట మర్యాద, పిమ్మట పాత సంబంధం ప్రస్తావన, ఆ పిమ్మట విషయం, చివర ఆశాభావం. అదే వరసలో, తప్పుల్లేకుండా, మధ్యాహ్నం దాకా రాశాడు. పంపగానే తెర మీద రంగుకాగితాలు రాలాయి. ‘మీలాంటి పాఠకులే మా బలం’ అంది ఫోను.

మరునాడు గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం సిలువ ధ్యానాలయ్యాక పెద్ద చర్చి మెట్ల దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటుంటే యేసమ్మ ఆయన్ను పట్టుకుంది. యేసమ్మ రాహేలుకు అక్క. పక్క వీధిలోనే ఉంటుంది. చెల్లెలు పోయాక మరిది మీద ఒక కన్ను వేసి ఉంచే పని తానే తలకెత్తుకుంది. కళ్లద్దాలు ముక్కు చివరకు దించి, ఫోను చేయి చాచి పట్టుకుని చదివి వినిపించింది.

“నీ పేరు పడ్డది మరిదీ, ఐదు చుక్కలతోని. ఫిలిప్ గ్రూపుల పెట్టిండు. మా సార్ గొప్పోడు అని రాసిండు.”

సాల్మన్ రాజు ఫోను అందుకున్నాడు. అదే వ్యాసం. దాని కింద ‘పాఠకుల మాట’ అన్న శీర్షికతో, పసుపు గడిలో, ఆయన రాసిందే.

‘నమస్కారం. గత మూడేళ్లుగా మీ వ్యాసాలు నాకెంతో అండగా ఉన్నాయి. నా భార్య సమాధి మీది పాలరాయికి మీరు చెప్పిన పద్ధతిని స్వయంగా పాటించాను...’

అక్కడితో ఆగిపోయింది. తర్వాత మూడు చుక్కలు. కింద, ‘సాల్మన్ రాజు, విశ్రాంత కామర్స్ లెక్చరర్, మెదక్’. ఆ మూడు చుక్కల మీద నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు. గడి అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంది, ‘తొలి పంక్తులు మాత్రమే ప్రచురిస్తాం’ అని.

రాయి చెడగొట్టిన మందుకు తానే సాక్షి సంతకం చేసినట్టు అయింది. యేసమ్మకు విషయం చెబితే ఆమె నోరు నొక్కుకుంది. చెల్లెలి రాయి పాడైందన్నందుకు ముందు కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాత తిట్టింది. ముసలితనంలో ఫోను చూసి వంట నేర్చుకున్నావు సరే, బొందలగడ్డకు కూడా ఫోను చెప్పినట్టే చేయాలా, పక్క వీధిలో నేను బతికి లేనా అని. ఆయన తల వంచుకుని విన్నాడు. తిడుతూనే ఆమె ఆయన చెప్పులు వెతికి కాళ్ల దగ్గర పడేసింది.

ఆ సాయంత్రమంతా ఫోనుతోనే పోయింది. మళ్లీ ‘మాకు రాయండి’ తెరిచాడు. ఈసారి కోపంగా ఒకే చుక్క ఇచ్చి, దయచేసి నా పేరు తీసేయండని రాశాడు. ‘మీ అభిప్రాయం పరిశీలనలో ఉంది’ అంది. ఎంతసేపు చూసినా పరిశీలనలోనే ఉంది. ఫిలిప్‌కు ఫోను చేస్తే, అతను మొబైల్ షాపు నడిపే మనిషి కాబట్టి ఉన్నమాట చెప్పాడు. ఐదు చుక్కలవి మిషనే చూసి వెంటనే పైన పెడుతుందట. తక్కువ చుక్కలవి ఎవరో మనిషి చదవాలట, ఆ మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదట. “పరేషాన్ గాకుండ్రి సార్, పొగిడినట్టే ఉన్నది గద” అని సముదాయించాడు. కాలరు మరక గురించి తిన్నగా సమాధానం చెప్పిన సైటు ఇలా గోడలా తయారవుతుందని సాల్మన్ రాజు ఎన్నడూ అనుకోలేదు.

గ్రూపులోనైనా సరిచేద్దామని కూర్చుని, సంఘస్తులందరికీ వందనాలు చెప్పి, క్రీస్తు శ్రమల వారపు ప్రాముఖ్యం తలచుకుని, తాను మొన్న పంపిన వ్యాసం విషయమై ఒక మనవి అంటూ సవివరంగా రాసి పెట్టాడు. ఇద్దరు దండం బొమ్మలు పెట్టారు. ఒకరు ‘ఆమేన్’ అన్నారు. ఆ తర్వాత సిలువ బొమ్మలు, ఉపవాసపు వాక్యాలు, పాటల వీడియోలు వరసగా వచ్చిపడి ఆయన మనవి ఎక్కడో అడుగున కూరుకుపోయింది.

ప్రిస్కిల్లాకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. డ్యూటీలో ఫోను బీరువాలో పెట్టుకుంటుందని ఆయనకు తెలుసు. శనివారం పొద్దున లేచి చూసేసరికి ఆమె మెసేజీ వచ్చి ఉంది. ‘వెబ్‌సైట్ల మీరు రాసింది చదివిన సార్. నవీన్ రాయికి గూడ గట్లనే చేస్తా. డ్యూటీ దిగినంక సీదా ఆడికే పోతున్న. థాంక్యూ సార్.’ వెంటనే ఫోను చేశాడు. స్విచాఫ్.

చొక్కా గుండీలు దారిలో పెట్టుకున్నాడు. అడ్డా మీద ఆటో ఉంది కానీ నిండితేగాని కదలనన్నాడు డ్రైవరు. సాల్మన్ రాజు కూర్చున్నాడు, దిగాడు, రోడ్డు చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. జర తొందరగా పోనియ్యి బిడ్డా అని రెండు మాటలు అడగడానికి ముందు, అతని పిల్లలు ఏం చదువుతున్నారని అడిగాడు. డ్రైవరు పిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆకుకూరల మూటతో వచ్చిన ఒకావిడ ఈయన మొహం చూసి ఏమనుకుందో, మనుషులు ఇంకా రావాలి గదా అని డ్రైవరు అంటున్నా వినక, ఆ మిగిలిన జాగా మా మూటదే, పోనియ్యి అంది. ఆటో కదిలింది. ఆమెకు దండం పెడదామనుకునేలోపే ఆమె మూటకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

సమాధుల తోట తడి సున్నం వాసన వేస్తోంది. నాలుగు మూలలా జనం ఉన్నారు. ఎవరో గడ్డి పీకుతున్నారు, ఎవరో సిలువకు నల్లరంగు పూస్తున్నారు. ప్రిస్కిల్లా నవీన్ సమాధి కాళ్లవైపు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆసుపత్రి యూనిఫారం మీదనే చున్నీ నడుముకు బిగించింది. పక్కన స్టీలు గిన్నె, పిండేసిన నిమ్మచెక్కలు. రాయి ఒక మూల అప్పటికే ముద్ద పూసి ఉంది. ఆమె పూయడం కూడా జాగ్రత్తగా, గాయానికి మందు రాసినట్టు రాస్తోంది.

సాల్మన్ రాజు ఆయాసపడుతూ ఆమె దగ్గరకు వచ్చాడు. నోరు తెరవగానే నాలుక దాని దారిన అది పోయింది.

“ప్రిస్కిల్లా, బాగున్నవా అమ్మా? డ్యూటీ నుంచి ఇట్లనే వచ్చినట్టున్నవ్, చాయ్ అన్న తాగినవా?”

ఆమె తలెత్తి అలసటగా నవ్వింది. తాగలేదు సార్, ఇది కాంగనే పోయి తాగుతా అంటూనే, చేతిని మళ్లీ గిన్నెలో ముంచి, ఫోటో పక్కన నవీన్ పేరు మొదలయ్యే చోటికి తెచ్చింది.

ఆ చేతిని చూశాక ఆయనకు తన ఉత్తరం కనిపించింది. నమస్కారం, మూడేళ్ల అండ, స్వయంగా పాటించడం, ఆపైన ఎవరికీ అందని మూడు చుక్కలు.

“చెయ్యి తియ్యమ్మా. అది పుయ్యకు. రాయి పాడైతది.”

ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. పక్క సమాధికి సున్నం వేస్తున్నవాళ్లు ఇటు తిరిగారు. ప్రిస్కిల్లా చేయి గాలిలోనే ఆగింది. ఆమె ఏదో అనేలోపు ఆయన వంగి గిన్నె తీసుకుని గడ్డిలోకి కుమ్మరించాడు. నీళ్లు కావాలన్నాడు. గోడ పక్క కుళాయి ఆ పూట వస్తోంది. ఏడాదిలో సగం రోజులు ఎండిపోయి ఉండే కుళాయి అది. ఇద్దరూ కలిసి బకెట్లు మోసి ఆ మూలంతా కడిగారు. పేరుకు, ఫోటోకు ఏమీ కాలేదు. కాళ్లవైపు మూలలో అరచేయంత మేర మబ్బు పట్టింది. ప్రిస్కిల్లా చున్నీతో తుడిచింది, ఆయన మొన్న తుడిచినట్టే. పోలేదు.

“మీరే గద సార్, చేసి చూసిన అని రాసిన్రు” అంది ఆమె, రాయి మీద నుంచి చూపు తీయకుండా.

ఆయన రమ్మని సైగ చేసి రాహేలు సమాధి దగ్గరకు తీసుకెళ్లాడు. ప్రిస్కిల్లా వంగి ఆ రాయి మీద అరచేయి పెట్టి పైనుంచి కిందికి జరిపింది. మెరుగున్న చోట చేయి జారింది, లేనిచోట ఆగింది. అక్షరాల దగ్గర కాసేపు ఉంచింది. అప్పుడు ఆయన జరిగిందంతా చెప్పాడు. చుక్కలు, పసుపు గడి, గ్రూపులో పెట్టిన మనవి. అంతా అయ్యాక ఆమె అడిగింది.

“గ్రూపుల మీ మెసేజ్ నేను తెరిచిన సార్. వందనాలు అని ఉంటే పండుగ మెసేజ్ అనుకున్న. పాడైతది అన్న ముక్క మొదలే ఎందుకు రాయలే?”

కోపంగా అనలేదు. ఆసుపత్రిలో రోగిని ఎక్కడ నొప్పి అని అడిగినట్టు అడిగింది. ఎదుటివాళ్లను నొప్పించకూడదని అలా రాయాలని ఆయన చెప్పిన పాఠంలో ఉంది. కానీ నొచ్చుకోవడానికి ఆ సైటు వెనక మనిషే లేడు, నొచ్చుకున్న మనిషి ఇదిగో ఇక్కడ నిలబడి ఉంది.

పోయి చాయ్ తాగమని ఆమెను పంపించి, సాల్మన్ రాజు రాహేలు సమాధి గట్టు మీద కూర్చుని ఫోను తీశాడు. ‘మాకు రాయండి’ తెరిచాడు. చుక్కలు అడిగింది. ఆయన పరీక్ష పేపర్లు దిద్దిన కాలంలో జాలిపడి ఒక్క మార్కు కలిపిన మనిషి కాదు. లెక్చరర్లు నవ్వుకునేవారు కూడా. ఇప్పుడు ఐదు చుక్కలూ ఒక్కొక్కటే వెలిగించాడు. రాసే పెట్టెలో వేలు తనంతట తానే ‘నమస్కారం’ అని కొట్టింది. దాన్ని చెరిపేశాడు. చెరిపేటప్పుడు, ఎవరింటికో వెళ్లి పలకరించకుండా లోపలికి నడిచినట్టు సిగ్గనిపించింది. అయినా రాశాడు.

‘నిమ్మరసం వాడొద్దు. పాలరాయి పాడైపోతుంది. నా భార్య సమాధి రాయి పాడైంది. కింద నా పేరుతో ఉన్న పొగడ్త నమ్మొద్దు.’

పంపాడు. మళ్లీ రంగుకాగితాలు రాలాయి. ‘మీలాంటి పాఠకులే మా బలం.’ గ్రూపులో కూడా ఆ మాటలే పెట్టాడు, వందనాలు లేకుండా. బస్సులోనో బజారులోనో ఉన్నవాళ్లు కూడా చదివినట్టున్నారు, గడియలోనే జవాబులు మొదలయ్యాయి. శంకరంపేటలో ఉండే ఒకాయన, మా అమ్మ రాయికి ఇయ్యాల్నే చేద్దామనుకున్నం సార్, ఆగినం, అని రాశాడు. ఆ తల్లిది తెల్లరాయని సాల్మన్ రాజుకు అంతవరకు తెలియనే తెలియదు.

ఈస్టరు నాడు చీకటుండగానే తోట నిండింది. చల్లగాలి వీస్తోంది. యేసమ్మ బంతిపూల బుట్టతో వచ్చి చెల్లెలి రాయి మీద పూలు సర్ది, మబ్బు పట్టిన చోట ఒక పూవు ఎక్కువ పెట్టి, నడుము పట్టుకుని నిలబడింది. ఆమె ఫోను ఆయనకు చూపించింది. వ్యాసం ఎక్కడికీ పోలేదు. నిమ్మకాయ బొమ్మ అలాగే మెరుస్తోంది. కింద పసుపు గడులు రెండు ఉన్నాయి, పైన తిట్టు, కింద పొగడ్త, రెంటికీ ఐదేసి చుక్కలు, రెంటికీ ఆయన పేరే.

“తిట్టెటోడు ఐదు చుక్కలిచ్చుడేంది మరిదీ?” అంది.

“అవి ఇస్తేనే చదువనిస్తరట వదినా.”

ఆమె పెదవి విరిచింది. ఆ చుక్కలేవో మా చెల్లెలు వండినప్పుడు ఇచ్చి ఉంటే సంతోషించేది అని గొణిగి పాట పుస్తకం తెరిచింది. ఆయన కాదనలేదు. సైటు మీద కోపం కూడా పోలేదు. సోమవారం మళ్లీ రాయాలి, ఆ నిమ్మకాయ పోయేదాకా రాస్తూనే ఉండాలి అనుకున్నాడు.

కొవ్వొత్తి వెలిగించి, మైనం రెండు బొట్లు కార్చి రాహేలు పేరు కింద నిలబెట్టాడు. ప్రతి ఏడూ నున్నటి రాయి మీద కొవ్వొత్తి జారిపోయేది, ఇటుక ముక్క అడ్డం పెట్టేవాడు. ఈసారి గరుకు రాయి మైనాన్ని పట్టుకుంది. గాలి వచ్చినా మంట వంగింది గాని కొవ్వొత్తి పడలేదు. ఆయన చేతిలో సిద్ధంగా ఉన్న ఇటుక ముక్కను నెమ్మదిగా గడ్డిలో పెట్టేశాడు.

కొంచెం దూరంలో ప్రిస్కిల్లా నవీన్ ఫోటో ముందు కొవ్వొత్తి నిలబెట్టింది. అది జారి పడింది. మళ్లీ వెలిగించి నిలబెట్టింది. మళ్లీ పడింది. ఆమె ఒకసారి ఇటు చూసింది. ఆమె కొవ్వొత్తి తీసుకుని కాళ్లవైపు వెళ్లి, అరచేయంత మబ్బు ఉన్న మూల మీద మైనం కార్చి, దాన్ని అదిమి పెట్టింది. కాసేపు రెండు చేతులూ చుట్టూ అడ్డం పెట్టి చూసింది. కొవ్వొత్తి నిలబడింది. అప్పుడు చేతులు తీసేసింది.